కట్టెల బండెక్కి వచ్చిన పురుగు

అమెరికా పటంలో నైరుతి మూలన, మెక్సికోను ఆనుకుని ఉన్న శాన్ డియేగో కౌంటీ కొండల్లో 2002 ప్రాంతం నుంచి ఓక్ చెట్లు నిలువునా ఎండిపోసాగాయి. ఎండినవి లేత మొక్కలు కావు, ఎన్నో కరువులకూ కార్చిచ్చులకూ తట్టుకుని నిలబడ్డ పాత మానులు. వానలు సరిగా పడని కాలం కాబట్టి నేరం కరువు మీదికి పోయింది. 2003 అక్టోబరులో సీడర్ ఫైర్ పేరుతో చరిత్రకెక్కిన కార్చిచ్చు ఆ కౌంటీలో 2.7 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఆ తర్వాత ఎండు చెట్టు కనబడితే మంట సెగ తగిలిందేమో అనుకోవడం సహజమే. 2004లో అక్కడి కుయమాకా రాంచో స్టేట్ పార్కులో, బయటి నుంచి వచ్చే పురుగులను కనిపెట్టడానికి రాష్ట్ర వ్యవసాయశాఖ పెట్టిన ట్రాప్‌లో సెంటీమీటరు పొడవున్న పెంకు పురుగొకటి పడింది. నలుపు కలిసిన ఆకుపచ్చ రెక్కలు, వాటి మీద ఆరు బంగారు చుక్కలు. కాలిఫోర్నియాలో అంతకుముందు ఎవరూ చూడనిది. దాని రాక నమోదయింది, చుట్టూ చెట్లు చస్తూనే ఉన్నాయి, రెంటినీ కలిపి చూసినవాళ్ళు మాత్రం లేరు. అమెరికా అటవీశాఖ కీటక శాస్త్రవేత్తలు టామ్ కోల్‌మన్, స్టీవెన్ సీబోల్డ్ ఎండిన చెట్ల బెరడు ఒలిచి, లోపలి సొరంగాలు చూసి, చంపుతున్నది ఈ పురుగేనని ప్రకటించింది 2008లో. దొంగ చేతికి చిక్కాక కూడా నాలుగేళ్ళపాటు దొంగతనం వేరెవరి మీదో నడిచిందన్నమాట.

బంగారు చుక్కల ఓక్ తొలిచే పురుగు అని అక్కడ పిలిచే ఈ కీటకాన్ని మొదట మెక్సికో, గ్వాటెమాలా దేశాల్లో ఉండే మరో జాతిగా పొరబడ్డారు. అది వేరు జాతి అనీ, పుట్టిల్లు పొరుగున ఉన్న అరిజోనా రాష్ట్రపు ఆగ్నేయ కొండలనీ తర్వాత తేలింది. శాస్త్రనామం అగ్రిలస్ ఆరోగట్టాటస్. ఇప్పటికి దక్షిణ కాలిఫోర్నియాలో 80 వేలకు పైగా ఓక్ చెట్లు దీని వాతపడ్డాయి. చెట్టును పురుగు చంపుతోందన్నది నిజమే. ఆ మాట దగ్గరే ఆగిపోతే మన చూపంతా అడవి మీదా, పురుగుమందు మీదా పడుతుంది. పడాల్సింది కట్టెల అడితి మీద. ఈ పురుగు తన రెక్కల మీద వెళ్ళిన దూరం కొద్ది, మనుషులు బండ్లలో వేసుకుని తీసుకెళ్ళిన దూరం ఎక్కువ. దీన్ని చెట్ల తెగులుగా కాక సరుకు రవాణా సమస్యగా చూసినప్పుడే ఏం చేయాలో, ఏం చేయడం దండగో స్పష్టమవుతుంది. అలా చూడటానికి ఆధారాలు ఏమిటో, అభ్యంతరాలు ఏమిటో పరిశీలిద్దాం.

ముందు పురుగు పనితనం తెలియాలి. పెద్ద పురుగులు ఓక్ ఆకుల్ని కొరుక్కుతింటాయి, దాంతో చెట్టుకు వచ్చే నష్టం దాదాపు లేదు. ఆడపురుగు బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు బెరడును తొలుచుకుంటూ లోపలికి పోయి, బెరడుకూ కర్రకూ నడుమ మకాం పెడుతుంది. చెట్టుకు ప్రాణస్థానం అదే. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు దిగే పొర, ఏటా కొత్త కర్రనూ కొత్త బెరడునూ పుట్టించే పొర, రెండూ అక్కడే ఉంటాయి. తెల్లగా, కాళ్ళు లేకుండా, దాదాపు రెండు సెంటీమీటర్లు పెరిగే ఈ పురుగులు ఒకటో రెండో అయితే చెట్టు ఓర్చుకుంటుంది. ఏటేటా వందలు చేరి మాను చుట్టూ ఆ పొరను తెంపేస్తే పైనుంచి కిందికి ఆహారం ఆగిపోతుంది. కొమ్మల చివర్లు పలచబడతాయి, మాను మీద నల్లటి తడి మరకలు తేలతాయి, వడ్రంగి పిట్టలు పురుగు కోసం బెరడు చెక్కినచోట ఎర్రటి పొర బయటపడుతుంది. ఇలా కొన్నేళ్ళు కొట్టుకుని చెట్టు చనిపోతుంది. తిండి ముగించుకున్న పిల్లపురుగు మళ్ళీ బెరడు పైభాగానికి వచ్చి, శరీరాన్ని రెండుగా మడుచుకుని చలికాలం గడుపుతుంది. వసంతంలో కోశస్థ దశకు చేరి, మే నుంచి అక్టోబరు లోపల, ఎక్కువగా జూన్, జూలైలలో, బెరడుకు ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల కన్నం పెట్టి బయటికొస్తుంది. ఏడాదికి ఒక్కటే తరం. ఇందులో ఒక ముక్క గుర్తుంచుకోవాలి: ఏడాదిలో చాలా భాగం ఈ పురుగు బెరడులోనే ఉంటుంది, పైనుంచి చూస్తే ఉన్నట్టే తెలియదు.

మన మామిడి రైతుకు ఇక్కడొక సందేహం రావచ్చు. మామిడి కాండం తొలిచే పురుగు కూడా ఇలాంటిదే కదా, కన్నంలోంచి రంపపు పొట్టు రాలుతుంటే ఇనుప చువ్వతో పొడిచి, మందులో ముంచిన దూది కుక్కి, మట్టితో మూసేస్తాం కదా, వాళ్ళకేం వచ్చింది అని. మామిడి పురుగు భారీ శరీరంతో లావాటి సొరంగం తవ్వుతుంది, పొట్టు బయటికి తోస్తుంది, ఉనికి తానే చాటుకుంటుంది. ఓక్ పురుగు సన్నటి దారులు చేసుకుని, పొట్టును వెనకే కూరుకుంటూ పోతుంది. అది పొట్టు రాల్చదు. లోపల ఉన్నంతకాలం దానికి వాకిలీ ఉండదు, బయటికొచ్చేటప్పుడు పెట్టే కన్నమే మొదటి ఆనవాలు. కన్నం కనబడిందంటే ఒక తరం ఎగిరిపోయినట్టే. పైగా పురుగు వందల్లో ఉంటుంది, చువ్వతో పొడిచే లెక్క కాదు.

ఏ ఓక్ పడితే ఆ ఓక్‌ను ఇది ముట్టదు. కోస్ట్ లైవ్ ఓక్, కాలిఫోర్నియా బ్లాక్ ఓక్ దీనికి బాగా ప్రీతి, కాన్యన్ లైవ్ ఓక్ ఆ తర్వాత. అందులోనూ లావు మానులే కావాలి, 12 సెంటీమీటర్ల లోపు మందమున్న చిన్న చెట్లను చాలావరకు వదిలేస్తుంది. అడవికి ఇదే పెద్ద దెబ్బ. గింజ రాల్చే తల్లి చెట్లు పోతాయి, వాటి స్థానంలోకి రావాల్సిన మొక్కలు పెద్దవయ్యేసరికి దశాబ్దాలు పడుతుంది. ఈలోపు ఆ చెట్టు మీద ఆధారపడ్డవాళ్ళు ఆగలేరు. ఏకార్న్ అనే ఓక్ కాయ జింకకూ ఉడతకూ ఎలుగుకూ ఆహారం. ఏకార్న్ వడ్రంగి పిట్ట ఎండు మాను నిండా చిన్నచిన్న గుంటలు చెక్కి, ఒక్కోదాంట్లో ఒక్కో కాయ బిగించి దాచుకుంటుంది. కుమెయాయ్, కవీయా, లూయిసేన్యో వంటి మూలవాసీ జాతులకు వేల ఏళ్ళు ప్రధాన ఆహారం ఈ కాయే. గింజను ఎండబెట్టి, దంచి, పిండి చేసి, నీళ్ళు మార్చిమార్చి పోసి వగరు పోగొట్టి, జావగా కాచుకుంటారు. కవీయా, లూయిసేన్యో ఇళ్ళలో దాన్ని వీవిష్ అంటారు. పండుగలకూ పెద్దల జ్ఞాపకాలకూ ఇప్పటికీ వండుతారు. బ్లాక్ ఓక్ కాయ అందుకు శ్రేష్ఠమని వాళ్ళ లెక్క, పురుగుకూ బ్లాక్ ఓక్ అంటేనే మోజు కావడం వాళ్ళ దురదృష్టం. ఇక కోస్ట్ లైవ్ ఓక్ దళసరి బెరడుతో కార్చిచ్చును తట్టుకుని మళ్ళీ చిగురించే చెట్టు. నిప్పుతో కలిసి బతకడం నేర్చిన ఆ మాను ఎండిపోయి నిలబడితే అదే నిప్పుకు మేత అవుతుంది. ఇంటి కప్పు మీదో, పిల్లలు ఆడుకునే చోటో, రోడ్డు మీదో ఎప్పుడు విరిగిపడుతుందో చెప్పలేం, కొట్టించాలంటే ఒక్కో చెట్టుకు వేల డాలర్లు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. అరిజోనా కొండలకూ శాన్ డియేగో కొండలకూ మధ్య ఐదారు వందల కిలోమీటర్ల ఎడారి ఉంది. ఇసుకా, ముళ్ళపొదలూ, నాగజెముళ్ళూ తప్ప ఓక్ చెట్టు కనబడని నేల. ఆకు తిని, బెరడులో గుడ్డు పెట్టి, ఏడాదికి ఒక్క తరం పెరిగే పురుగు ఆ ఎడారిని ఎగిరి దాటిందంటే నమ్మడం కష్టం. దాటించే వాహనం మాత్రం రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చలిమంటకూ, మాంసం కాల్చుకోవడానికీ ఓక్ కట్టె అమెరికాలో గిరాకీ ఉన్న సరుకు. బెరడుతో ఉన్న కట్టెల లోడు ఒక్కటి చాలు. దీన్ని ఊహ అని కొట్టిపారేయవచ్చు, ఎందుకంటే ఆ లోడును ఎవరూ పట్టుకోలేదు. అయితే తర్వాత జరిగింది చూడండి. 2012లో రివర్‌సైడ్ కౌంటీ ఐడిల్‌వైల్డ్‌లో పురుగు బయటపడింది. పైన్ చెట్ల మధ్య సెలవులు గడపడానికి జనం వచ్చే కొండ ఊరది, ఇంటింటికీ చలిమంట గూడు ఉంటుంది. అప్పటికి తెలిసిన శాన్ డియేగో బెడద అక్కడికి పదుల కిలోమీటర్ల దూరంలో ఉంది, నడుమ చెట్లు బాగానే ఉన్నాయి. 2014లో ఆరెంజ్ కౌంటీలో వియర్ కాన్యన్. 2015లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఉత్తరాన గ్రీన్ వ్యాలీ. వియర్ కాన్యన్ నుంచి గ్రీన్ వ్యాలీకి గీత గీస్తే వంద కిలోమీటర్ల పైమాట, ఆ గీత లాస్ ఏంజెలెస్ మహానగరపు ఇళ్ళూ రోడ్ల మీదుగా పోతుంది. 2018లో శాన్ బెర్నార్డినో కౌంటీ, 2024లో వెంచురా కౌంటీ. ఎగిరే పురుగు తెగులు తడి మరకలా అంచు నుంచి అంచుకు పాకాలి. ఇది చదరంగంలో గుర్రంలా నడుమ గళ్ళు వదిలేసి దూకుతోంది. దూకిన ప్రతిచోటా క్యాంపులో, కొండ ఇళ్ళో, చలిమంటల అలవాటో ఉన్నాయి. ఒక్క దూకుడైతే కాకతాళీయం అనవచ్చు. ఇన్ని దూకుళ్ళను కట్టెల రవాణా తప్ప మరేదీ సరిగ్గా వివరించదు.

కరువే అసలు కారణం, పురుగు వచ్చి పడిపోబోయే చెట్టును పడగొట్టిందంతే అనే వాదన ఇంకా వినిపిస్తుంది. అందులో కొంత పస ఉంది, మన ప్రాంతంలోనూ నీరు చాలని తోటకే కాండం తొలిచే పురుగులు ముందు పడతాయి. కానీ ఆ వాదన మూడు చోట్ల నిలవదు. కాలిఫోర్నియాలో కరువు కొత్త కాదు, అంతకుముందు ఎన్నో కరువులు చూసిన మానులు అప్పుడు చావలేదు. అదే కొండ మీద, అదే కరువులో, పురుగు పెద్దగా ముట్టని ఎంగెల్‌మన్ ఓక్ నిలబడింది, ముట్టినవి కూలాయి. నీటికి కటకట వస్తే రెండూ ఎండాలి కదా. అరిజోనాలో కరువు ఇంకా తీవ్రం, అక్కడ ఈ పురుగు ఎప్పటి నుంచో ఉంది, అయినా అక్కడి ఎమరీ ఓక్, సిల్వర్‌లీఫ్ ఓక్ ఇలా తోపులకు తోపులు కూలడం లేదు. కరువూ పురుగూ రెండూ ఉన్నచోట చావు లేదు, చెట్టుకు పరిచయం లేని పురుగు వచ్చినచోటే ఉంది. పురుగు తొలిచిన చెట్టు నీటి కొరతతో బాధపడుతున్నట్టు కనిపిస్తుంది, ఆహారం అందక వేరు నీరసిస్తే అలాగే ఉంటుంది మరి. తొలినాళ్ళలో చూసినవాళ్ళు ఆ లక్షణాన్నే కారణమనుకున్నారు.

మరో అభ్యంతరం కొంచెం చురుకైనది. ఒకే దేశంలోని ఒక రాష్ట్రం నుంచి పక్క రాష్ట్రానికి పోయిన పురుగును పరాయిదనడం ఏమిటి, ఏ పురుగూ పాస్‌పోర్టు పట్టుకుని తిరగదు కదా అని. నిజమే, అమెరికా అన్న గీత పురుగుకు తెలియదు. ఎడారి అన్న గీత మాత్రం లక్షల ఏళ్ళుగా తెలుసు. ఆ గీతకు అటు ఉన్న ఓక్ జాతులు ఈ పురుగుతో కలిసి పెరిగి, దెబ్బను ఏదోరకంగా ఓర్చుకునే స్థితికి చేరాయి. ఇటు ఉన్న జాతులకు ఆ అవకాశమే రాలేదు. పరాయితనాన్ని నిర్ణయించేది చెట్టుకూ పురుగుకూ ఉన్న పాత సంబంధం, రాజకీయ సరిహద్దు కాదు. చట్టాలు మాత్రం రాజకీయ సరిహద్దునే పట్టుకుని వేలాడుతున్నాయి, తిప్పలన్నీ అక్కడే.

ఎలాగంటే, 1996లో న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లో ఆసియా లాంగ్‌హార్న్ పెంకు పురుగు మేపుల్ చెట్లలో బయటపడింది. ఓడల్లో సరుకుతో పాటు వచ్చే చెక్కపెట్టెల్లో దాగి చైనా నుంచి దిగింది. ఇలాంటి అనుభవాల తర్వాత 2002లో దేశాలన్నీ ఒక నియమం పెట్టుకున్నాయి. సరుకు కింద వేసే చెక్క పలకల్ని గుండెభాగం దాకా 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడి 30 నిమిషాలు తగిలేలా వేడిచేయాలి, లేదంటే ధూమం పెట్టాలి, ఆపై గోధుమ వెన్ను బొమ్మతో ముద్ర వేయాలి. విశాఖ, కృష్ణపట్నం రేవుల్లో దిగే సరుకు కింద చెక్క ప్యాలెట్లనూ, హైదరాబాద్ గోదాముల్లో మూలన పడున్న వాటినీ తిరగేసి చూస్తే ఆ ముద్ర చాలావాటి మీద కనబడుతుంది. మనదేశంలోనూ 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. అంటే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళే చచ్చిన చెక్క పలకకు ముద్ర కావాలి. బెరడుతో, లోపల బతికున్న పురుగుతో, ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి వెళ్ళే ఓక్ మొద్దుకు మాత్రం ఏ ముద్రా అక్కర్లేదు. అరిజోనా నుంచి కాలిఫోర్నియాలోకి వచ్చే రహదారుల మీద వ్యవసాయ తనిఖీ కేంద్రాలు ఉన్నాయి, పళ్ళూ మొక్కలూ కట్టెలూ ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. అవి రాష్ట్రపు గుమ్మం దగ్గరే. పురుగు ఇంట్లోకి వచ్చాక గది నుంచి గదికి పోకుండా ఆపే తలుపు లేదు.

మందు కొట్టొచ్చు కదా అంటారా? కొట్టొచ్చు, కొడుతున్నారు. పెద్ద పురుగులు బయటికొచ్చే కాలానికి ముందు మాను మీద కార్బరిల్, బైఫెంత్రిన్ లాంటివి పిచికారీ చేస్తే గుడ్డు పెట్టే దశలో అడ్డుకట్ట పడుతుంది. ఎమామెక్టిన్ బెంజోయేట్ లాంటి మందును మానులోకి ఎక్కించే పద్ధతీ ఉంది. పురుగు ఇంకా పట్టని చెట్టుకూ, కొద్దిగానే పట్టిన చెట్టుకూ ఇవి ఉపయోగం. లోపలి పొర తెగిపోయిన చెట్టుకు మందెక్కించినా పైకి పాకదు. ఒక పార్కులో నీడనిచ్చే పది మానుల్ని ఇలా కాపాడుకోవచ్చు, లక్షల ఎకరాల కొండ అడవిని కాపాడలేం. కాయ ఏరుకుని తినే మూలవాసులు, ఆ కాయల మీదే బతికే జంతువులు ఉన్నచోట మందు వాడాలంటే వాళ్ళ ఆందోళననూ లెక్కలోకి తీసుకోవాలి. మరి సహజ శత్రువును తెచ్చి వదిలితే? అరిజోనాలో ఈ పురుగును తినే చిన్న పరాన్నజీవి కందిరీగ కాలోసోటా ఎలాంగటా కోసం వెతికినవాళ్ళకు అది కాలిఫోర్నియాలో అప్పటికే కనబడింది, బహుశా అదే కట్టెల్లో పురుగుతో పాటే ప్రయాణం చేసి వచ్చింది. శత్రువు వెంటే వచ్చినా చెట్ల చావు ఆగలేదంటే ఆ దారిలో తేలికైన విరుగుడు లేదన్నమాటే. పరిశోధన ఆపమని కాదు, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదని.

అందుకే కట్టెల దగ్గరికి రావాలి. ఇక్కడ పురుగు స్వభావంలో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఇది బతికున్న చెట్టునే పడుతుంది, కొట్టిన మొద్దులో కొత్తగా గుడ్డు పెట్టదు. చెదపురుగులా కట్టెల మోపులో కాపురం పెట్టి పెరిగే రకం కాదు. మొద్దులో అప్పటికే ఉన్నవి బయటికొచ్చేస్తే ఆ కట్టె ఇక ఎవరికీ ముప్పు కాదు. కాబట్టి ఎవరినీ ఓక్ కట్టె కాల్చొద్దని అడగనక్కర్లేదు. ఉన్నచోటే రెండేళ్ళు నిలవ ఉంచి ఆ తర్వాత తరలించమని అడిగితే చాలు. తొందరైతే బెరడు ఒలవాలి, లేదా మూడంగుళాల కన్నా చిన్న ముక్కలుగా యంత్రంలో నూరించాలి. దళసరి ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులు మట్టితో బిగించినా బయటికొచ్చిన పురుగు లోపలే చస్తుంది. శీతకాలంలో కొట్టిన మొద్దు అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే వచ్చే వేసవిలో ఎగరాల్సిన పురుగంతా అందులోనే మడుచుకుని ఉంది. అడితివాళ్ళు బాగా ఆరిన ఓక్ అని అమ్మేది చాలాసార్లు కొన్ని నెలల సరుకే. చేతికి ఆరినట్టు తోచిన కట్టెలో పురుగుకు కావాల్సినంత తేమ ఉంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నా దృష్టిలో ఈ కథ మొత్తానికి ఇదే కీలకం. పురుగు పట్టి చచ్చిన చెట్టే మరో ఊరికి పురుగును మోసే వాహనం అవుతోంది. పెరట్లో ఎండిన ఓక్‌ను వేల డాలర్లు పోసి కొట్టించుకున్న ఇంటాయన, ఆ మొద్దుల్ని ఊరికే తీసుకుపొమ్మని ప్రకటన ఇస్తాడు. డంపింగ్ యార్డుకు తరలించే ఖర్చు తప్పుతుందని చెట్టు కొట్టేవాడూ సంతోషిస్తాడు. ఎవరో ట్రక్కులో వేసుకుపోయి చీల్చి, వంద కిలోమీటర్ల అవతల కట్టలు కట్టి అమ్ముకుంటాడు. వీళ్ళలో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు, ఒక్కొక్కరి లెక్క వారికి సరిగ్గానే ఉంది. పురుగు ఎక్కువ పట్టిన తావులోనే ఉచిత కట్టె ఎక్కువ, ఉచిత కట్టె ఉన్నచోటి నుంచే అది దూరం పోతుంది. కాబట్టి బెడద పెరిగేకొద్దీ వ్యాప్తి వేగం పెరగడం ఈ వ్యాపారపు నైజంలోనే ఉంది. ఎక్కడ కాలుస్తారో అక్కడే కొనండి అనే నినాదంతో అక్కడి సంస్థలు ఏళ్ళ తరబడి ప్రచారం చేస్తున్నాయి. మంచి పనే, చాలదు. ఉచితంగా వచ్చిన సరుకుతో నినాదం పోటీ పడలేదు.

దిగ్బంధాలు పెట్టినా ఫలితం ఉండదని చెప్పేవాళ్ళకు చేతిలో గట్టి ఉదాహరణ ఉంది. ఇదే కుటుంబానికి చెందిన, యాష్ అనే చెట్లను తొలిచే ఎమరాల్డ్ యాష్ బోరర్ 2002లో మిషిగన్ రాష్ట్రం డెట్రాయిట్ దగ్గర బయటపడింది. 2003 నుంచి కేంద్ర ప్రభుత్వం యాష్ కలప, కట్టెల రవాణా మీద ఆంక్షలు పెట్టింది. అయినా ఆ పురుగు కోట్లాది చెట్లను తుడిచిపెడుతూ 30కి పైగా రాష్ట్రాలకు పాకింది, 2021 జనవరిలో ప్రభుత్వమే ఆంక్షలు ఎత్తేసింది. అక్కడ ఓడిన పని ఇక్కడ ఎందుకు అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నేను చెప్పేది ఏమిటంటే, యాష్ పురుగు బయటపడేసరికే ఏళ్ళ తరబడి పాకి ఉంది, అటు పచ్చటి యాష్ చెట్టు ప్రతి వీధిలో, ప్రతి వాగు గట్టున ఉంది, ఎగిరి పాకడానికి నడుమ ఖాళీ లేదు. దక్షిణ కాలిఫోర్నియాలో ఓక్ తోపులు ఎడారికీ, పొదలకూ, నగరాలకూ నడుమ ద్వీపాల్లా ఉన్నాయి. ప్రకృతి పెట్టిన ఆ ఖాళీలే మేలు. వాటిని దాటించేది ట్రక్కు కాబట్టి ట్రక్కును ఆపితే ఫలితం ఉంటుంది. పైగా యాష్ విషయంలోనూ ఆంక్షలు గెలవకపోయినా గడువు సంపాదించాయి, ఆ గడువులోనే మానులోకి ఎక్కించే మందులూ, చైనా నుంచి తెచ్చి వదిలిన కందిరీగలూ వచ్చాయి. ఓక్ పురుగు విషయంలోనే రుజువు కావాలంటే వియర్ కాన్యన్ ఉంది. అక్కడ పురుగును తొందరగా గుర్తించి, చెట్టు చెట్టూ వెతికి, వందలకొద్దీ పురుగుల్ని పుట్టిస్తున్న మానుల్ని ఏరి తీసేసి, మిగతావాటికి మందు కొట్టారు. పురుగు పూర్తిగా పోలేదు, శాన్ డియేగోలోలా కొండ బోడి కాలేదు.

ఆ వియర్ కాన్యన్ ఉన్న ఆరెంజ్ కౌంటీలోనే అర్వైన్ నగరం ఉంది, అక్కడా శాన్ డియేగోలోనూ తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. వేసవి సెలవుల్లో నాలుగు కుటుంబాలు కలిసి క్యాంపింగుకు వెళ్ళడం ఇప్పుడు అక్కడ మామూలు. క్యాంపు దగ్గర కట్ట కట్టెల ధర ఎక్కువని, ఇంటి దగ్గరి మిత్రుడి పెరట్లో ఊరికే దొరికిన ఓక్ మొద్దులు డిక్కీలో వేసుకోవడం పొదుపరి తెలుగువాడికి తోచే మొదటి ఆలోచన. ఆ పొదుపు కొద్ది డాలర్లు, దానికోసం పణంగా పెట్టేది ఎంత అడవో చూడండి. దక్షిణ కాలిఫోర్నియా దాటి ఉత్తరానికి పోతే కోస్ట్ లైవ్ ఓక్ తీరం వెంట శాన్‌ఫ్రాన్సిస్కో దాటి మెండొసీనో దాకా, బ్లాక్ ఓక్ సియెరా నెవాడా కొండల మీదుగా యోసెమిటీ లోయలోనూ, ఇంకా పైన ఒరెగాన్ దాకా ఉన్నాయి. పురుగుకు నచ్చిన చెట్టు అక్కడంతా ఉంది, పురుగు మాత్రం లేదు. వేసవిలో యోసెమిటీ క్యాంపుల్లో దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్లు ఆగుతాయి.

జనాన్ని జాగ్రత్తపడమని చెప్పడం ఎంత అవసరమో, ఖర్చు ఎవరిదో తేల్చడం అంతకన్నా అవసరం. చెట్టు పోగొట్టుకున్నవాడికే కొట్టించే ఖర్చు, పట్టా కప్పే ఖర్చు, రెండేళ్ళు స్థలం కేటాయించే బాధ్యత కూడా అప్పగిస్తే, ఊరికే తీసుకెళ్తామన్నవాడికి అతను మొద్దులు ఇవ్వక ఏం చేస్తాడు? పురుగు పట్టిన మొద్దును తెచ్చి పడేస్తే డబ్బులు అడగకుండా నూరిపెట్టే యార్డులు బెడద ఉన్న ప్రతి కౌంటీలోనూ, కొండ ఊళ్ళకు దగ్గరగా ఉండాలి. అక్కడిదాకా తేలేని ముసలివాళ్ళ ఇళ్ళకు నూరే యంత్రమే ట్రక్కు మీద రావాలి. నూరిన పొట్టు తోటల్లో నేల మీద పరుచుకోవచ్చు. దీనికి అయ్యే ఖర్చు ప్రజల పన్ను సొమ్మే, కాదనలేం. ఆ పని చేయకపోతే ఎండు మానులు ఇళ్ళ మీద పడకుండా, రోడ్ల మీద విరగకుండా, కార్చిచ్చుకు మేత కాకుండా ఒక్కొక్కటే కొట్టించే ఖర్చూ అదే సొమ్ములోంచి పోతోంది, చెట్టు పోయాక.